శౌరమ్మ కూర్చోనిదే బండి కదలదు

శౌరమ్మ అంటే నాకు పడదు. ఆటోనగర్‌లో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. ఆమెనే అడిగితే ఇంకాస్త గట్టిగా చెబుతుంది. అయినా ఆమె సంగతి చెప్పే పని నాకే పడింది. ఒకే రేకుల షెడ్డు కింద ఇన్నేళ్ళుగా ఆమెతో రోజూ గొడవపడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

నా పేరు రత్తయ్య. కార్లకు సీట్లు కుడతాను. పాత రెక్సిన్ చింపి అవతల పారేసి కొత్తది వేస్తేనే నాకు కూడు. శౌరమ్మ కూడు సరిగ్గా దానికి అడ్డం. పాతకాలపు కార్లలో కంపెనీవాడు వేసిన తెల్ల రెక్సిన్‌ను చింపనివ్వకుండా, మరకలు తీసి, మళ్ళీ తెల్లగా చేసి ఇవ్వడం ఆమె వృత్తి. బెజవాడలో పాత బండ్ల పిచ్చి ఈమధ్య బాగా ముదిరింది. పెళ్ళి ఫొటోల్లో పాత ఫియటో పాత అంబాసిడరో లేకపోతే ఇప్పటి పిల్లలకు ముద్ద దిగడం లేదు. వాళ్ళు కొత్త సీట్ల కోసం నా దగ్గరికే వస్తారు. షెడ్డు గుమ్మంలో ఈ మహాతల్లి పట్టుకుంటుంది.

"ఏం బాబూ, మీ నాన్న ముసలోడైతే కొత్త నాన్నని తెచ్చుకుంటావా?" అంటుంది.

వచ్చినవాడు నవ్వుతాడు. నా బేరం అక్కడితో గంగలో కలుస్తుంది. అడిగితే నన్నే తిడుతుంది. నన్ను చింపుళ్ళ రత్తయ్య అంటుంది. ఎప్పుడు చూసినా తెల్లచీరే కాబట్టి నేను ఆమెను కొల్లేటి కొంగ అంటాను. మా పక్క షెడ్డుల వాళ్ళకు టీ తాగేటప్పుడు ఇదే కాలక్షేపం.

ఆమె భర్త నతానియేలు నా దగ్గర మిషన్ కుట్టేవాడు. మంచి పనివాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి నాలుకలూ దేవుడు ఆవిడకే పెట్టాడు. పచ్చకామెర్లతో అతను పోయాక, చర్చివాళ్ళు వచ్చి చేసే ఆదరణ కూడిక జరిగిన మర్నాడే, ఒక బకెట్టు, నాలుగు బ్రష్షులు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"ఆ మూల నాది," అంది.

"ఎవరిచ్చారమ్మా?" అన్నాను.

"మా ఆయన నడుమిచ్చాడు. నీ మిషన్ మీదే గదా వంగిపోయింది? కాదను చూద్దాం."

కాదంటే ఊరుకునే మనిషా? బకెట్టు ఆ మూల పెట్టింది. నేను తీసి బయట పెట్టాను. మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది. ఆ మూల ఇప్పటికీ ఆమెదే.

పనిలో వంక పెడదామని చాలా చూశాను, దొరకలేదు. గోరువెచ్చని నీళ్ళు, చంటిపిల్లల సబ్బు, మెత్తటి బ్రష్షు, అంతే. థిన్నరును దరిదాపులకు రానివ్వదు. అది రాస్తే అప్పటికి తెల్లబడినట్టే ఉంటుంది గానీ తర్వాత రెక్సిన్ జిగురు కడుతుంది. బ్లీచింగు పెడితే కుట్టుదారం పుచ్చిపోతుంది. నీళ్ళు ఎక్కువైతే లోపలి కొబ్బరిపీచు కుళ్ళి, స్ప్రింగులు తుప్పు పడతాయి. అందుకని జానెడు మేర తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ జానెడు జరుగుతుంది. కుట్లలో ఇరుక్కున్న మట్టిని పుల్లకు దూది చుట్టి తీస్తుంది. పెళ్ళికూతురి కాళ్ళ పసుపు అంటిన చోట మాత్రం సబ్బు పెట్టదు. పెడితే ఎర్రగా తిరుగుతుంది. అక్కడికి లేత ఎండ చూపిస్తే పసుపు దానంతటదే వెలిసిపోతుంది. ఎండ ఎక్కువైతే పాత రెక్సిన్ పగులుతుంది. అందుకని గొడుగు పట్టుకుని పక్కనే కాపలా కూర్చుంటుంది. ఆ గొడుగు దారికి అడ్డమని ప్రతి పెళ్ళిళ్ళ సీజన్‌లోనూ మా ఇద్దరికీ ఒక యుద్ధం.

బండి ఓనర్ల మీద కూడా ఆమెకు దయాదాక్షిణ్యాలు లేవు. రియల్ ఎస్టేటు కుర్రాడొకడు ఫోన్లో వీడియో చూసి, ఏదో నురగ కొనుక్కొచ్చి కొట్టి, తెల్ల సీటును పసుప్పచ్చ చేసుకుని వచ్చాడు. "ఫోన్లో చూసి పళ్ళు కూడా నువ్వే పీక్కుంటావా?" అని నడిరోడ్డు మీద కడిగేసింది. కొండపల్లి నుంచి ఒకాయన, బొమ్మ రంగు ఆరకముందే సీటు మీద పెట్టి, అంబారీ ఏనుగు ఎర్రటి అచ్చు దింపుకుని వచ్చాడు. ఆయన్ని ఏనుగుతో సహా తిట్టింది. తిట్టిందా, తిట్టినన్నాళ్ళూ ఆ అచ్చు దగ్గరే కూర్చుని దాన్ని కనీ కనబడనంతగా చేసి పంపింది.

ఇంక ఆమె పద్ధతి ఒకటి చెప్పాలి. బండి అప్పగించే రోజున ప్రార్థనకు కట్టుకునే తెల్లచీర కట్టుకుని వస్తుంది. ఓనరు చూస్తుండగా ప్రతి సీటు మీదా కూర్చుంటుంది. వీపు ఆనించి, కాసేపు అటూ ఇటూ జరిగి, దిగి, వెనక్కి తిరిగి నిలబడుతుంది. "చూస్కోండి నా చీర," అంటుంది. చీరకు ఇంత మురికి అంటినా బండి ఇవ్వదు. మళ్ళీ మొదటినుంచి తుడుస్తుంది. నేను వేసిన కొత్త సీట్ల మీద కూడా పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చుని, "ఇక్కడ కుట్టు గుచ్చుకుంటంది," అని ఓనరు ఎదుటే నా పరువు తీస్తుంది. ఎంత అరిచినా మానలేదు. చివరికి అదే షెడ్డు ఆచారమైపోయింది. శౌరమ్మ కూర్చోనిదే బండి గేటు దాటదు.

పోయిన ఏడాది పెళ్ళిళ్ళ సీజన్‌కు ముందు రామకోటేశ్వరరావు గారని ఒకాయన లారీ మీద పాత ఫియట్ తెచ్చి దింపించాడు. హనుమాన్ జంక్షన్ అవతల పల్లెలో పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. ఆయనకు ఇప్పుడు బెజవాడలో రొయ్యల మేత వ్యాపారం. కారు వాళ్ళ నాన్న కొన్నదట. ఏళ్ళ తరబడి ధాన్యపు కొట్టులో పడి ఉందట. కూతురు భానుశ్రీ తన పెళ్ళి ఫొటోలు ఆ తాతగారి కారులోనే తీయాలని, సీట్లు అసలు తెల్లవే ఉండాలని పట్టుబట్టిందట.

వెనక తలుపు తీశాను. ఎలుకల కంపు గుప్పుమంది. సీటు తెలుపో పసుపో నలుపో పోల్చుకోలేకపోయాను. ఊక దుమ్ము, బూజు చుక్కలు, తల ఆన్చిన చోట జిడ్డు, ఒక పక్క తాంబూలం మరక.

"చింపేద్దామండీ. ఇందులో ప్రాణం లేదు," అన్నాను.

"ఏయ్, నిన్నెవరడిగారు? శౌరి ఎక్కడ? మా ఊరి మనిషి," అన్నాడు.

శౌరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒక ఊరివాళ్ళు కలిస్తే ఒక నవ్వుంటుంది, ఒక పలకరింపుంటుంది. ఆమె మొహాన అదేమీ లేదు. ఆయన వంక చూడకుండా కారు వంకే చూస్తోంది.

"ఏమే శౌరీ, బాగున్నావా? జక్కయ్య కూతురివేగా. చిన్నప్పుడు ఈ కారు వెనకాల ఎంత పరిగెత్తేవాళ్ళే మీరంతా!"

"గుర్తుందండి, రామకోటేశ్వరరావు గారూ."

పేరు పెట్టి పిలిచేసరికి ఆయన మొహం మాడిపోయింది. ఆ ఊళ్ళో ఆమె వాళ్ళు ఆయన్ని చినబాబు గారనే పిలుస్తారట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"పని చేస్తావా, చెయ్యవా?"

"చేస్తాను. అప్పజెప్పేటప్పుడు నాదో పద్ధతుంది."

"ఏదో కూర్చుంటావటగా. చూద్దాంలే," అని తన కొత్త కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి శౌరమ్మ ఆ ఫియట్‌కే అంటుకుపోయింది. సీట్లు ఊడదీసి, దుమ్ము దులిపి, జానెడు జానెడు మొదలుపెట్టింది. నాతో గొడవ పడడం మానేసింది. కొంగా అంటే పలకదు. నా కొత్త సీట్ల మీద కూర్చుని వంకలు పెట్టదు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టే మనిషి తిట్టకపోతే పని ఎట్లా సాగుతుంది?

"ఏంటమ్మా ఈ డొక్కుకి ఇంత సేవ? ఆయనేమన్నా నీ మేనమామా?" అన్నాను.

"మేనమామా? నా తమ్ముణ్ణి పొట్టనబెట్టుకున్న కారిది!" అని బ్రష్షును బకెట్లోకి విసిరికొట్టింది.

అప్పుడు చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లి సంపూర్ణమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసి, గుడివాడ ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. తండ్రి జక్కయ్య ఈ కారు వాళ్ళ దగ్గరే పాలేరు. పరిగెత్తుకెళ్ళి కారడిగాడు. కారు అరుగు ముందే ఉంది, డ్రైవరూ ఉన్నాడు. పెద్దాయన, అంటే ఈయన తండ్రి, పడక కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడట: లోపల సీట్లు తెల్లవిరా జక్కయ్యా, నెత్తురంటితే జన్మలో పోదు, బండి కట్టుకుపో. ఎడ్లబండి మీద తీసుకెళ్ళారు. తల్లి దక్కింది. బిడ్డ దారిలోనే పోయాడు. మగపిల్లాడు.

"మా అమ్మ ఇంకా బతికే ఉంది. ఆ కారు లోపల ఎట్టా ఉంటదో ఇప్పటికీ చూడలేదు. అంత మంచి సీటంట, మనబోటి వాళ్ళ నెత్తురు పడితే పాడైపోద్దంట అని చెప్పుకుంటా ఉంటది. దాని మీద మా అమ్మని కూర్చోబెడతా రత్తయ్యా. ఈసారి నా బదులు ఆవిడ కూర్చుంటది. తెల్లచీర కట్టుకుని కూర్చుంటది. ఎవడడ్డమొస్తాడో చూస్తా."

నాకు కోపం వచ్చింది. ఆ పెద్దాయన పోయి చాలా కాలమైంది. పోయినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను మాత్రం కడుపునిండా తిట్టాను. ఆమె ఇంకో నాలుగు కలిపింది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం మొదటిసారి ఒకే మనిషిని తిట్టాం. మర్నాడు గొడుగు తెచ్చి సరిగ్గా నా దారికడ్డంగా పాతింది.

సీటు తేలింది. కాగితం తెలుపు కాదు, లేత కొబ్బరి తెలుపు. ఆ కాలపు రెక్సిన్ అసలు రంగు అదే. పక్క మెకానిక్ ఇంజను పని కూడా ముగించాడు. సీట్లు మళ్ళీ బిగించిన సాయంత్రం రామకోటేశ్వరరావు వచ్చాడు. తలుపు తీసి చూసి, అరచేత్తో నిమిరి, "భలే, భలే! మా నాన్న ఉన్నప్పుడు ఇట్లాగే ఉండేది," అని మురిసిపోయాడు. తాళాలివ్వమన్నాడు.

"రేపు పొద్దున కూర్చునే పనుందండి. అది అయ్యాక తీస్కెళ్ళండి," అంది శౌరమ్మ.

"అదే చెబుదామనుకుంటున్నా. ఇది మా నాన్నగారి సీటు. మొదట మా అమ్మాయి కూర్చోవాలి. సెంటిమెంటు. నువ్వు ఎక్కొద్దు."

"నేనెక్కను. మా అమ్మ కూర్చుంటది."

"ఎవరూ, సంపూర్ణా?" అని పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఏం మాటలే అవి? ఎవరెక్కడ కూర్చోవాలో తెలియక్కర్లా?"

"తెలుసండి. అప్పుడు ఎడ్లబండి మీద కూర్చోబెట్టారు. ఇప్పుడు కార్లో కూర్చుంటది."

ఆయనకు అర్థమైంది. ఆ కథ ఆ ఇంట్లో వాళ్ళకూ తెలుసన్నమాట. "ఎప్పటి శవాన్నో ఇప్పుడు తవ్వుతావేంటే? అప్పుడు నేను లాగులేసుకునే పిల్లాణ్ణి. నాకేంటి సంబంధం?"

"సంబంధం ఉందని నేనన్లేదు. కూర్చోబెట్టమంటన్నా."

"కుదరదు. ఒకసారి వీళ్ళని ఎక్కిస్తే రేపు ఊరంతా చెప్పుకుంటారు," అని నా వైపు తిరిగాడు. "ఏయ్, ఆ తాళాలు పట్రా. గేటు తియ్యి. మా ఫ్రెండ్స్ బండ్లన్నీ నీకే పంపిస్తా. కావాలంటే ఈ సీటు కూడా చింపేసి కొత్తది వేసెయ్. మొదట నువ్వన్నది అదేగా?"

అబద్ధం చెప్పను, అలాంటి మాట ఎవరైనా అంటే వినాలని నాకు ఎన్నాళ్ళ కోరికో! శౌరమ్మ తుడిచిన సీటును శౌరమ్మ ఎదుటే చింపడం! కానీ ఈ పెద్దమనిషి నన్ను మళ్ళీ 'ఏయ్' అన్నాడు. నేను ఆయన పాలేరునా?

"నా పేరు రత్తయ్యండీ. ఆవిడ పద్ధతి కానియ్యకుండా ఈ గేటు దాటి నా బండ్లే పోవు. మీది ఎట్టా పోద్ది?" అన్నాను.

శౌరమ్మ మీద ప్రేమ పుట్టి అన్న మాట కాదిది. ఇన్నేళ్ళుగా నేను పడుతున్న నసను ఈయనొక్కడు తప్పించుకుపోతాడంటే నాకు నచ్చలేదు. తాళాలు జేబులో వేసుకుని మిషన్ ముందు కూర్చున్నాను.

ఆయన అరిచాడు. పోలీసులన్నాడు, పలుకుబడి అన్నాడు, షెడ్డులే లేపేయిస్తానన్నాడు. పక్క షెడ్డుల వాళ్ళంతా పోగయ్యారు. మధ్యలో కూతురు ఫోన్ చేసింది. ఫొటోలు తీసేవాళ్ళు మర్నాడే వస్తున్నారట. ఫోన్ పెట్టేసి పళ్ళు కొరికాడు.

"సరే, ఏడవండి. రేపు పొద్దున్నే కానిచ్చెయ్యాలి. సీటు మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టండి."

"దుప్పటేస్తే చీరకేం అంటుద్ది? ఇంక చూసేదేముంది? దుప్పటి లేదు, ఏమీ లేదు," అంది శౌరమ్మ.

తన కారెక్కి తలుపు దడాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

పొద్దున రాణిగారితోట నుంచి ఆటోలో తల్లిని తీసుకొచ్చింది. సంపూర్ణమ్మ వంగిపోయి ఉంది, కళ్ళకు దళసరి అద్దాలు. శౌరమ్మ తన తెల్లచీర తల్లికి కట్టి, తాను నీలం పూల చీర కట్టుకుంది. రంగుచీరలో ఆమెను నేనెప్పుడూ చూడలేదు. రామకోటేశ్వరరావు అప్పటికే వచ్చి కారు పక్కన నిలబడి ఉన్నాడు. చంకలో మడతపెట్టిన దుప్పటి తెచ్చుకున్నాడు. వదలడుగా!

శౌరమ్మ వెనక తలుపు తీసింది. "ఎక్కమ్మా. నిదానంగా."

సంపూర్ణమ్మ ఎక్కలేదు. తలుపు పట్టుకుని లోపలికి వంగి చూసింది. చాలాసేపు చూసి, చెయ్యి చాచి సీటును నిమిరింది.

"ఇదేనా?"

"ఇదేనమ్మా."

"ఇది రెక్సినేగా? మన పాస్టరు గారి కుర్చీకేసిందేగా?"

"అదేనమ్మా. కూర్చో."

"నేను పట్టుగుడ్డ అనుకున్నానే. దూది పరుపనుకున్నా, ఇన్నాళ్ళూ." మళ్ళీ నిమిరింది. వేలితో గట్టిగా రుద్ది వేలు చూసుకుంది. కూతురి వైపు తిరిగింది. "దీని మీద నెత్తురు పడితే పోదా శౌరీ?"

ఏనాడూ నోరు మూసి ఎరగని శౌరమ్మ నేల చూపులు చూసింది. ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు ముందుగా తెలిసే సంగతుల్లో అదొకటి. ఆమెకు ఇన్నేళ్ళుగా తెలుసు. తల్లికి మాత్రం చెప్పలేదు.

"చెప్పవే. పోద్దా, పోదా?"

"పోద్దమ్మా."

"దేంతో?"

"తడిగుడ్డతో. వెంటనే తుడిస్తే ఏమీ ఉండదు."

సంపూర్ణమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. రామకోటేశ్వరరావు ముందుకొచ్చాడు. దుప్పటి చంకలోనే ఉంది. "కూర్చో సంపూర్ణమ్మా, కూర్చో. ఫర్వాలేదు, దుప్పటి అక్కర్లేదు," అన్నాడు.

ఆవిడ ఆయన వంక చూడలేదు. "నేను కూర్చోను. ఇంటికి పోదాం పదవే," అంది.

"అమ్మా, నీకోసమే గదే ఇదంతా," అంది శౌరమ్మ.

"తడిగుడ్డ ఆ రోజు నా దగ్గరే ఉందే శౌరీ. అరవకుండా నోట్లో పెట్టుకోమని మీ నాన్న తడిపిచ్చాడు. గుడివాడ దాకా నా పళ్ళ మధ్యనే ఉంది."